బురుల్చా ఎజె పరిచిన రెండో దస్తర్‌ఖాన్

మా తెరెక్-సూలో నోటిదురుసు మనిషి ఎవరని అడిగితే చిన్నపిల్లలు కూడా నా కొట్టు చూపిస్తారు. బండ్లు ఆగే చోట నాది టీ కొట్టు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పనివాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుకొస్తుంది. "బండి ఎప్పుడు కదులుతుంది?" అంటే "దేవుడు కదిలించినప్పుడు" అనే డ్రైవర్లకు చల్లారిన టీ పోస్తాను, వెన్న వేయను. అలాంటి నేను ఒక మనిషి పక్కన కూర్చుని నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్నాను. పూర్తిగా కాదు, ఏదో కొంత. ఆ మనిషి మా ఎదురింటి బురుల్చా. నాకన్నా పెద్దది కాబట్టి నేను ఎజె అంటాను, అక్క అన్నమాట. నాకన్నా చిన్నవాళ్లందరికీ ఆమె అపా, అమ్మలాంటిది.

మాకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. పేరు అక్-బెల్ దారి. అక్-బెల్ కనుమకు అటూ ఇటూ ఉన్న ఊళ్ల జనమంతా అందులోనే పడి ఉంటారు. మూట పంపాలన్నా, బండిలో చోటు కావాలన్నా, తప్పిపోయిన గుర్రాన్ని వెతకాలన్నా అక్కడే అడగాలి. అడగడం తేలిక. జవాబులే నరకం. ఒకడు నవ్వు బొమ్మ పెడతాడు. ఒకడు తన తాత కథ చెప్తాడు. ఇంకొకడు "ఇది కూడా తెలీదా" అని పోతాడు. నేను ఆ గ్రూపులో రెండుసార్లు తిట్టిపోసి, ఒకసారి బయటికి గెంటించుకున్నాను. బురుల్చా ఎజె వెళ్లి నా తరఫున మాట్లాడితే మళ్లీ చేర్చుకున్నారు.

ఆమె సంగతి వేరు. పనికిరాని జవాబుకు ఆమె ఇచ్చే జవాబు కోసం నేను కొట్టు వదిలేసి ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్ని.

ఒకసారి మా వీధిలో ఒకరి దూడకు కడుపు ఉబ్బింది. ఏం చేయాలని ఎజె గ్రూపులో అడిగింది. ఒక మహానుభావుడు కిరసనాయిలు తాగించమన్నాడు. నేనైతే "ముందు నువ్వు తాగి చూపించు" అనేదాన్ని. ఎజె ఏం రాసిందంటే, "వెంటనే పలికావు నాయనా, చల్లగా ఉండు. ఈ దూడ మరీ పసిది, నాకు భయంగా ఉంది. ఇంకో దారి ఎవరికైనా తెలుసా?" అంతే. తర్వాత ఆ అబ్బాయికి విడిగా ఫోన్ చేసింది. నేను అక్కడే ఉన్నాను. "కిరసనాయిలుకి దూడ చచ్చిపోతుంది బాబూ. నువ్వు చెప్పింది ఇంకెవరైనా చదివి పోసేస్తే ఆ పాపం నీకెందుకు? అది తీసెయ్. తీసేశావని నేనెవరికీ చెప్పను" అంది. వాడు తీసేశాడు. తీసేసి ఊరుకోలేదు, పశువుల డాక్టరు ఎప్పుడొస్తాడో కనుక్కుని మరీ గ్రూపులో పెట్టాడు.

"వాడికంత మర్యాద ఎందుకు ఎజె?" అన్నాను.

"నలుగురిలో తప్పని తేల్చేస్తే వాడు ఆ కిరసనాయిల్నే పట్టుకుని వేలాడతాడే అనార్. తనది తప్పని తనకి తెలిసినా వదలడు. మనకి కావాల్సింది దూడ బతకడమా, వాడు ఓడిపోవడమా?"

నాకు రెండూ కావాలనిపించింది కానీ పైకి అనలేదు.

ఈ విద్య ఆమెకు ఈ చేతి ఫోన్‌తో రాలేదు, దానికన్నా చాలా ముందే వచ్చింది. వయసులో ఉన్నప్పుడు జిల్లా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చునేది. చెవులకు హెడ్‌ఫోను, ముందు తీగలు గుచ్చే పలక, రోజంతా ముఖం కనబడని మనుషులు. అప్పట్లో ఒక ముసలాయన సైన్యంలో ఉన్న కొడుకు దగ్గర్నుంచి కబురు రావడం లేదని ఎక్స్ఛేంజికి వచ్చి కూర్చున్నాడట. ఎక్కడో దూరాన ఉన్న దండు ఎక్స్ఛేంజికి ఎజె తీగ కలిపింది. అవతలి ఆవిడ "ఆ పేరుగలవాడు లేడు" అని టక్కున పెట్టేసింది. ఎజె మళ్లీ కలిపింది. "మీకు చేతినిండా పని ఉన్నట్టుంది చెల్లీ, అయినా పలికారు. మీ పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు? వాళ్లనీ ఒక్క మాట అడగనా?" అంది. అలా పక్క సీటు నుంచి పక్క గదికి, అక్కడి నుంచి వంటశాలకు వెళ్లింది మాట. ఆ కొడుకు వంటశాలలో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. ఉత్తరం రాయడానికి బద్ధకం, అంతకన్నా ఏమీ లేదు. ముసలాయన ఎక్స్ఛేంజిలోనే వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి, ఏడ్చి, ఎజెకు మేక పిల్లను తెచ్చి ఇచ్చాడట.

"తీగ మీద ముఖం కనబడదు అనార్. కోపంగా ఉన్నాడో అలిసిపోయాడో మనకి తెలీదు. మన ముఖం కూడా వాళ్లకి కనబడదు. దాన్ని మాటల్లోనే పెట్టాలి" అనేది.

భర్త పోయాక ఆమె ఒక్కతే ఉంటోంది. కూతురు జిబెక్‌ను కనుమ అవతలి ఊరికి ఇచ్చింది. ఆ జిబెక్‌కు మొన్నటి శరదృతువులో తొలి కాన్పు. పసిబిడ్డను ఎత్తుకుని మొదటిసారి పుట్టింటికి రావడమంటే మాకు చిన్న సంగతి కాదు. తల్లి అంతకు ముందురోజే పిండి కలుపుతుంది. ఆ రోజు కాల్చిన మొదటి రొట్టెను కూతురే వచ్చి విరవాలి, అప్పటిదాకా ఎవరూ చేయి వేయకూడదు. నేను పొద్దున వెళ్లేసరికి నేల మీద భోజనాల గుడ్డ, మా దస్తర్‌ఖాన్, పరిచి ఉంది. మధ్యలో గుండ్రని రొట్టె, చుట్టూ వెన్న, ఎండు ఆప్రికాట్లు, నూనెలో వేయించిన పిండిముక్కలు బోర్సోకులు. ఎజె కొత్త తలగుడ్డ కట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది.

మధ్యాహ్నానికి రావాల్సిన కారు రాలేదు. కొండ మీద మబ్బు దిగి, మంచు మొదలైంది. జిబెక్ ఫోన్ అందడం లేదు. కనుమ మీద ఎవరి ఫోనూ అందదు, అది మాకు అలవాటే. కానీ చేతిలో పసిగుడ్డు ఉంది. ఎజె జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసింది. వాళ్లు చెప్పింది సబబుగానే ఉంది. మంచు తోసే మిషను ఒక్కటే ఉంది, అది మా వైపు కొండ కింద దారుల చీలిక దగ్గర నిలబడి ఉంది. అక్-బెల్ మీద రెండు దారులు. లోయ పక్కగా పోయే పాత దారి, పైనుంచి పోయే కొత్త దారి. వెలుగు పోయేలోగా మిషను ఒక్క దారే ఎక్కగలదు. ఏ దారో కనుక్కుని చెప్పండి అన్నారు.

ఎజె దస్తర్‌ఖాన్ అంచున కూర్చుని గ్రూపులో రాసింది. నా కళ్ల ముందే రాసింది, ఒక్క అక్షరం తప్పు పోలేదు. "అందరికీ సలాం. నా కూతురు జిబెక్ పసిబిడ్డతో పొద్దున అటు నుంచి బయల్దేరింది. నీలం కారు. ఇంకా రాలేదు. కారు పాత దారిలో వెళ్లిందా, కొత్త దారిలోనా? చూసినవాళ్లు చెప్పండి, మిషను ఎదురు చూస్తోంది."

ఇంతకన్నా సూటిగా ఎవరు అడగగలరు? వచ్చిన జవాబులు చూడండి.

మొదట రిటైరైన భూగోళం మాస్టారు. అక్-బెల్ ఎత్తెంత, గాలి ఏ మూల నుంచి వీస్తుంది, ఈ నెలలో మబ్బులు ఎందుకు కిందకి దిగుతాయి అని చాంతాడంత రాశాడు. నీలం కారు మాట అందులో ఎక్కడా లేదు.

తర్వాత కుబాత్. కుర్ర డ్రైవరు, నా కొట్టులో చల్లారిన టీ ఎక్కువగా తాగింది వాడే. "అపా, కంగారెందుకు? ఏ కాపరి ఇంట్లోనో మాంసం ఉడికే వాసన తగిలి మీ అమ్మాయి కారు అక్కడే ఆగిపోయుంటుంది" అని రాసి, పొట్ట పట్టుకుని నవ్వే బొమ్మ పెట్టాడు.

ఆ వెనకే బెయ్‌షెన్. నడివయసు మనిషి, వారానికోసారి కనుమ దాటి సరుకు వేస్తాడు. "ఈ వాతావరణంలో పసిబిడ్డని వేసుకుని ఎవడు రమ్మన్నాడు? ఆడవాళ్లకి అన్నిటికీ తొందరే. వసంతం దాకా ఆగితే ఏం పోయింది?"

నేను లేచి నిలబడ్డాను. "ఇలా ఇయ్యి ఫోను. వాడి తొందరేంటో వాడికి చెప్తాను."

"కూర్చో అనార్."

"బిడ్డ మంచులో ఉంటే వాడు నీకు బుద్ధి చెప్తున్నాడు ఎజె."

"చెప్పనీ. వాడి కోపం చూశావా, ఎంత గట్టిగా ఉందో. ఏమీ చూడనివాడికి అంత కోపం రాదు. కూర్చో."

ఎజె ముందు కుబాత్‌కు రాసింది. "నీ నోట్లో వెన్న పడ, కుబాత్. నువ్వన్నట్టే జరగాలి. ఆ దారుల్లో చలికాలానికి ఇంకా కిందకి దిగని కాపరి ఎవరున్నారు బిడ్డా? నీకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు."

వాడు రాస్తున్నట్టు కనబడింది. ఆగిపోయింది. మళ్లీ కనబడింది. ఈసారి బొమ్మ లేదు. "షబ్దాన్ ఒక్కడే దిగలేదు అపా. పాత దారిలో, ఎర్ర బండ దాటాక ఎడమ పక్కన ఇల్లు. దారి మీంచి కనబడదు, పొగ చూసి పోవాలి. కావాలంటే నేను చూపిస్తాను."

నేను నోరు వెళ్లబెట్టాను. వాడి వెటకారంలోంచి ఒక కాపరినీ, ఒక ఇంటినీ, ఒక పొయ్యినీ బయటికి లాగింది ఆమె. నేనైతే వాడి నోరు మూయించేదాన్ని. దాంతో పాటు షబ్దాన్ ఇల్లు కూడా మూసుకుపోయేది.

బెయ్‌షెన్‌కు ఇలా రాసింది. "నిజమే బెయ్‌షెన్, తొందర నాదే. అది ఇల్లు చేరగానే నువ్వు తిట్టిన తిట్లన్నీ నేను తింటాను, దానికీ కాస్త పెడతాను. ఇవాళ నువ్వు దారి చూసినట్టున్నావు. ఎంతదాకా వెళ్లావు?"

బెయ్‌షెన్ రాస్తున్నట్టు కనబడింది. ఇద్దరం తెర మీదికి వంగి చూస్తున్నాం. సరిగ్గా అప్పుడు ఇమానాలి అకె గొంతు వచ్చి పడింది.

ఇమానాలి అకె, అంటే అన్న, మా గ్రూపులో అందరికన్నా పెద్ద. తెల్లగడ్డం. ఆయన టైపు చేయడు, గొంతే పంపుతాడు. "కూతురా బురుల్చా, దిగులు పడకు. అక్-బెల్ మన బిడ్డల్ని ఏమీ చేయదు. నీ కూతురి దారి తెల్లగా ఉండాలి. బిడ్డకి నిండు ఆయుష్షు ఉండాలి. ఓమియిన్."

మంచు కురుస్తుంటే దారి తెల్లగా ఉండాలని దీవించడం ఏమిటని నాకు కడుపు మండింది. మా దీవెనల్లో తెల్ల దారి అంటే క్షేమమైన దారిలెండి. అసలు చిక్కు అది కాదు. మాలో పెద్దాయన దీవెన చదివి ఓమియిన్, అంటే అలాగే జరగాలి, అన్నాడంటే కూర్చున్నవాళ్లంతా అరచేతులు ముఖానికి రాసుకుని లేచిపోవాలి. అక్కడితో ఆ మాట, ఆ భోజనం, ఆ గుంపు అయిపోయినట్టు. ఆ పైన ఎవరైనా నోరు తెరిస్తే పెద్దాయన దీవెనను కాళ్లకింద వేసినట్టు. ఇంట్లో చేసే మర్యాదే మావాళ్లు ఫోన్లోనూ చేస్తారు.

అరచేతుల బొమ్మలు మొదలయ్యాయి. ఒకరి కింద ఒకరు, తెర నిండా అరచేతులే. ఎప్పుడూ మాట్లాడనివాళ్లు కూడా అరచేతులు పెట్టారు. బెయ్‌షెన్ రాస్తున్నట్టు కనబడేది ఆగిపోయింది. వాడూ అరచేతులు పెట్టాడు. ఆ తర్వాత ఒక్కరూ పలకలేదు.

కిటికీ బయట కొండ కనబడడం మానేసింది. మిషను చీలిక దగ్గర ఊరికే నిలబడి ఉంది. జవాబు తెలిసినవాడు ఎవడో ఉన్నాడు, వాడు మర్యాదగా నోరు మూసుకున్నాడు.

నాకు ఆగలేదు. "పెద్దవాడైతే మాత్రం? కనుమకి యజమానా ఈయన? అడిగిందేంటి, చెప్పిందేంటి? నేను రాస్తాను ఎజె. దీవెన తర్వాత, ముందు కారు చూసినవాడు చెప్పి చావండి అని రాస్తాను. నన్ను మళ్లీ గెంటేస్తారు, అంతేగా."

ఎజె నా చేయి పట్టుకుంది. "నిన్ను గెంటేస్తే నాకు బెంగలేదు. నువ్వు ఆయన్ని ఒక్క మాటంటే గ్రూపంతా ఆయన తరఫున లేస్తుంది. మర్యాద ఉందా, లేదా అని రేపటిదాకా కొట్టుకుంటారు. నా కూతురి సంగతి ఎవడికీ గుర్తుండదు. ఆయన మంచికే అన్నాడే. దీవెన మీద నాకు కోపం లేదు. దాని తర్వాత వచ్చిన నిశ్శబ్దంతోనే చావొచ్చింది."

"మరేం చేస్తావు? ఓమియిన్ అయిపోయాక ఎవడు నోరు తెరుస్తాడు?"

ఆమె గది మధ్యలో పరిచిన దస్తర్‌ఖాన్ వైపు చూస్తూ ఉండిపోయింది. అంతసేపు చూసేసరికి నాకు భయమేసింది. మనిషికి మతి చలించిందేమో అనుకున్నాను. తర్వాత ఆమె మోకాళ్ల మీదికి లేచి ఆ గుండ్రని రొట్టెను రెండు చేతులతో తీసుకుంది.

"ఎజె, అది జిబెక్ విరవాలి."

"జిబెక్ రావాలి ముందు" అంది, విరిచేసింది.

ఆ చప్పుడు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. మంచి పెళుసు రొట్టె. ముక్కలు చేసి దస్తర్‌ఖాన్ మీద పరిచి, ఫోన్ పైకెత్తి ఫొటో తీసింది. ఫొటో కింద నెమ్మదిగా, ఒక్కో మాట సరిచూసుకుంటూ రాసింది.

"ఇమానాలి అకె, మీ దీవెన రెండు చేతులా అందుకున్నాను. దాంతో మొదటి దస్తర్‌ఖాన్ ఎత్తేశాం. ఇది రెండోది. నా కూతురి కోసం కాల్చిన రొట్టె, నేనే విరిచాను. గుమ్మం ముందు నుంచి పోతున్నవాళ్లంతా లోపలికి రండి, ఒక్క ముక్క నోట వేసుకుని పొండి. తింటూ తింటూ, నీలం కారు ఏ దారి పట్టిందో తెలిస్తే నా చెవిన వేయండి."

నేను దాన్ని రెండుసార్లు చదివాను. మావాళ్లు ఏ మర్యాదకైనా అడ్డం చెప్తారేమో గానీ రొట్టెకు చెప్పరు. ఎంత తొందరలో ఉన్నా, ఎంత పగవాడి ఇల్లయినా, గుమ్మంలో రొట్టె చూపించి పిలిస్తే ఒక్క తునకైనా నోట వేసుకోకుండా పోవడం మాలో లేదు. దీవెనతో లేచిపోయినవాళ్లను దీవెనను తప్పు పట్టకుండా మళ్లీ కూర్చోబెట్టాలంటే ఇంకో దస్తర్‌ఖాన్ పరచాలి. అది ఇంట్లో అందరికీ తెలుసు. ఫోన్లో అలా పరచవచ్చని ఎవరికి తట్టింది? మరి ఫోన్లోని రొట్టెను జనం రొట్టె అనుకుంటారా అని నా అనుమానం.

మొదట ఒక గొంతు వచ్చింది. ఇమానాలి అకె.

"రొట్టె నోట వేసుకున్నాను, కూతురా. మీ ఆకలి తీరకముందే దీవెన చదివేసినట్టున్నాను. తప్పు నాది, ముసలాణ్ణి. అందరూ మళ్లీ కూర్చోండి. బురుల్చా అడిగిందానికి చెప్పండి."

ఆయన అలా అంటాడని నేను కలలో కూడా అనుకోలేదు. ఇందాక ఆయన్ని నేను ఏమన్నానో తలుచుకుని సిగ్గేసింది. ఎజె మాత్రం ఫోన్ ముందు తల వంచింది, ఆయన ఎదురుగా ఉన్నట్టే.

వెంటనే బెయ్‌షెన్. "తిన్నాను అపా. నేనూ పొద్దున అటు నుంచే వస్తున్నాను. నీలం కారు నా ముందే ఉంది. అటువైపు చీలిక దగ్గర కొత్త దారికి అడ్డంగా లారీ జారిపోయి ఉంది. నేను వెనక్కి తిరిగాను. వాళ్లు పాత దారి పట్టారు. వద్దని చేయి ఊపాను, హారన్ కొట్టాను, చూడలేదు. అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు."

పొద్దున్నుంచీ వాడి కడుపులో ఉన్నది ఇది. పైకి వచ్చింది మాత్రం ఆడవాళ్ల తొందర గురించి. వాడి కోపంలోంచి ఎజె దాన్ని ఎలా చూసిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"ఇంతసేపు నోట్లో ఏం పెట్టుకున్నావని అడుగు ఎజె" అన్నాను.

ఆమె రాసింది వేరు. "నువ్వు హారన్ కొట్టావు బెయ్‌షెన్, అది చాలు. ఇవాళ్టి మాటల్లో నీదే పెద్ద మాట."

ఆ కింద ఇంకొక పేరు. షెర్‌గాజీ. మిషను నడిపేవాడు. గ్రూపులో చేరినప్పట్నుంచీ ఒక్క అక్షరం రాసి ఎరగడు. "తిన్నాను. పాత దారి ఎక్కుతున్నా." కుబాత్ వెంటనే, "తిన్నాను. షెర్‌గాజీ అకె, నేను మీ వెనకే వస్తున్నా, షబ్దాన్ ఇంటికి మలుపు చూపిస్తా." ఆ తర్వాత తిన్నాను, తిన్నాను అని జనం వస్తూనే ఉన్నారు. కారు సంగతి తెలియనివాళ్లు కూడా వచ్చి ఒక ముక్క తిని పోయారు.

ఇక కాచుకుని ఉండడమే. నేను టీ పెట్టాను, ఇద్దరం తాగలేదు. పొయ్యిలో పిడకలు వేశాను. మధ్యలో భూగోళం మాస్టారు మళ్లీ వచ్చి, పాత దారిలో మంచు పెళ్లలు ఎలా జారతాయో వివరించాడు. ఈయన్ని మాత్రం నాకు వదిలెయ్యమని బతిమాలాను. ఎజె వదల్లేదు. "మాస్టారూ, మీరు రాసింది చూశాను. ఇప్పుడు నా బుర్రకి ఎక్కట్లేదు. దాచుకుంటాను, మనసు కుదుటపడ్డాక చదువుతాను" అని రాసింది. అబద్ధం ఒక్క మాట లేదు, కసురు లేదు. మాస్టారు "అలాగేనమ్మా" అని ఊరుకున్నాడు. ఆయన్ని ఊరుకోబెట్టిన మనిషిని మా జిల్లాలో ఇంకెవరినీ నేను చూడలేదు.

మబ్బు కింద కాస్త సందు తెరుచుకుని సాయంత్రపు వెలుగు గదిలో పడింది. అప్పుడు ఫోన్ మోగింది. గ్రూపులో షెర్‌గాజీ పంపిన గొంతు. వెనక మిషను దడదడ.

"అపా, షబ్దాన్ ఇంట్లో దొరికారు. కారు ఎర్ర బండ దగ్గర కూరుకుపోయింది. డ్రైవరు వాళ్లని పొగ చూసి నడిపించుకుపోయాడు. జిబెక్ కాళ్లు చల్లబడ్డాయి గానీ బాగానే ఉంది. ఇప్పుడు బండిలో ఉన్నారు, దిగుతున్నాం, ఇక్కడికొచ్చాకే ఫోను అందింది. మీరే వినండి." ఆ వెంటనే పసిబిడ్డ ఏడుపు. గొంతు చించుకుని, కోపంగా, లోకంలో ఎవరి మర్యాదా అక్కర్లేనట్టు ఏడుస్తోంది.

"మళ్లీ పెట్టు" అంది ఎజె. పెట్టాను. "మళ్లీ" అంది. పెట్టాను.

ఫోన్ నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో అప్పుడు చూసుకున్నాను. ఆమె కుడిచేయి ఒళ్లో పడి ఉంది. ఎడమచేయి దస్తర్‌ఖాన్ కింద ఉంది. రొట్టె విరిచిన కాసేపు తప్ప, మధ్యాహ్నం నుంచీ ఒంటిచేత్తోనే టైపు చేస్తోందని నాకు తట్టనేలేదు. గుడ్డ అంచును ఆ రెండో చేయి కింద గుప్పిట్లో పట్టుకుని, మెలిపెట్టి, గట్టిగా బిగించేసి ఉంది. విప్పుకోవాలని చూస్తోంది, వేళ్లు రావడం లేదు. నేను పక్కన కూర్చుని ఒక్కో వేలూ విప్పదీశాను. గోళ్లు అరచేతిలో దిగబడి ఉన్నాయి. కుబాత్‌కు నోట్లో వెన్న పడాలని రాసినప్పుడూ, బెయ్‌షెన్ తిట్లు తింటానని రాసినప్పుడూ, మాస్టారికి అలా చెప్పినప్పుడూ ఈ చేయి ఇలాగే ఉందన్నమాట. ఇంత భయాన్ని కింద పెట్టుకుని పైన అంత మెత్తగా మాట్లాడిన మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆమె ముఖంలోకి చూసే ధైర్యం కూడా లేకపోయింది.

ఆమె అప్పుడు ఏడ్చింది. తలగుడ్డ జారిపోయింది, పట్టించుకోలేదు.

ఫోన్ మోగుతూనే ఉంది. "అపా, విన్నారా?" అని కుబాత్. "అపా, ఒక్క మాట రాయండి" అని బెయ్‌షెన్. "కూతురా?" అని ఇమానాలి అకె గొంతు. ఎవరికీ జవాబు బాకీ పెట్టని మనిషి, ఆ ఒక్క కబురుకే జవాబు ఇవ్వలేకపోయింది.

నాకు మర్యాదలు తెలియవు. తోచింది రాశాను. "నేను అనార్‌ని. విన్నది. ఏడుస్తోంది. ఆగండి."

నోరు ఆగని గ్రూపు అది. పిల్లాడు తుమ్మినా పదిమంది పదిరకాలుగా మాట్లాడే గ్రూపు. నా మాట కింద ఒక్క అక్షరం పడలేదు. ఒక్క బొమ్మ పడలేదు. అరచేతులు కూడా పెట్టలేదు ఎవరూ. ఆమె ఏడుపు ఆగేదాకా, అక్-బెల్‌కు అటూ ఇటూ ఉన్న జనమంతా ఫోన్లు చేతుల్లో పట్టుకుని ఊరుకున్నారు.